పూల్‌లో మునిగింది సరే, సముద్రంలో జాగ్రత్త

చిన్నీ,

నీళ్ళలో తేలే చిన్న జీవుల్ని (ప్లాంక్టన్) పట్టే నీ రోబో మీ అపార్ట్‌మెంట్ పూల్‌లో చక్కగా మునిగి తేలిందని రాశావు, భలే సంతోషమేసింది తల్లీ. కానీ అదే బరువుతో కాకినాడలో దింపకు. మన హైదరాబాద్‌లో ఎక్కడ టెస్ట్ చేసినా మంచినీళ్ళే కదా, సముద్రం నీళ్ళు లీటరుకి ఇంచుమించు 25 గ్రాములు ఎక్కువ తూగుతాయి, అంటే 40 కిలోల రోబోకి అక్కడ దాదాపు కిలో బరువు అదనంగా కడితే గానీ మునగదు, పైగా గోదావరి నీళ్ళు కలిసే చోట ఉప్పు తక్కువ కాబట్టి ఆ లెక్క కూడా మారిపోద్ది. చిన్న చిన్న సీసం ముక్కలు పట్టుకెళ్ళు, బోటు పక్కనే తాడుతో దింపి చూసుకో.

అంతకన్నా ముఖ్యమైంది సీసాలోకి వచ్చే శాంపిల్. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు వలకి, ఎన్ని నీళ్ళు లోపలికి పోయాయో కొలిచే ఫ్లోమీటర్ కట్టలేదమ్మా, సీసా నిండా కోపిపాడ్లు, అంటే రొయ్యల్లాంటి బుల్లి జీవులు, బియ్యపు నూకల్లా కదుల్తూ ఎంత ముద్దుగా ఉన్నాయో, కానీ ఎన్ని లీటర్లలోంచి వచ్చాయో తెలీదు, క్యూబిక్ మీటరుకి ఎన్నో చెప్పలేం, మూడ్రోజుల కష్టం బూడిదలో పోసినట్టైంది, ఇప్పటికీ గుర్తొస్తే బాధే. నీ పంపు కూడా అంతే, ఫిల్టర్‌కి నాచు పట్టేకొద్దీ ఫ్లో తగ్గుతుంది, పంపు ఎన్ని నిమిషాలు తిరిగిందో చూసి లెక్కేస్తే తప్పు వస్తుంది, మీటర్ పెట్టి రీడింగే తీసుకో. నీళ్ళు లాగే గొట్టం రోబో ముందు వైపుండాలి. కోపిపాడ్లు మీసాలతోనే నీటి కదలిక పసిగట్టి చటుక్కున దూకి తప్పించుకుంటాయి, వెనక ప్రొపెల్లర్ దగ్గర పెడితే నీ చేతికేం చిక్కవు.

మిట్టమధ్యాహ్నం ఎండలో పైనీళ్ళ దగ్గర నాచు ఎంతుందో చెప్పే క్లోరోఫిల్ సెన్సర్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, రాత్రి కూడా ఓసారి దింపు, జూప్లాంక్టన్ (కోపిపాడ్ల లాంటి జంతు ప్లాంక్టన్) చాలావరకు పైకొచ్చేది అప్పుడే.

మన ప్రగతి నగర్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళు చేపలెక్కడ దొరకొచ్చో మత్స్యకారులకి చెప్తారు చూడు, అది శాటిలైట్‌కి కనిపించే క్లోరోఫిల్, నీటి వేడి బట్టే, శాటిలైట్‌కేమో పైపొరే కనిపిస్తుంది. ఇరవై మీటర్ల కింద ఏముందో చూసొచ్చేది నీ రోబోనే, అందుకే ఇంత పట్టుబట్టి చెప్తున్నా.

వలలు ఎక్కడున్నాయో అక్కడి మత్స్యకారుల్ని అడక్కుండా మాత్రం దింపకు, పాపం వాళ్ళ వల తెగుద్ది, నీ రోబో ఇరుక్కుంటుంది.

శాంపిల్ పైకి రాగానే లెక్కపెట్టడానికి ఉంచేదాంట్లో పాడవకుండా ఫార్మలిన్ కలుపు, డీఎన్ఏ కోసమైతే ఫార్మలిన్ వద్దు, వేరే సీసాలో ఆల్కహాల్. తేదీ, లోతు, ఎన్ని లీటర్లో పెన్సిల్‌తో చీటీ రాసి సీసా లోపలే వెయ్, పెన్నుతో రాస్తే ఇంకు కరిగిపోద్ది.

మీ పెదనాన్న