బడి మీటింగులో మాట్లాడే ముందు

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

బడి యాజమాన్య కమిటీకి నిన్ను ఛైర్మన్‌గా ఎన్నుకున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని పక్క ఊరి బడికి పంపే సంగతి ఈ నెల మీటింగులో వస్తుందట కదా. హెడ్‌మాస్టరుగా ఇలాంటి మీటింగుల్లో చాలానే కూర్చున్నాను, అందుకే ఈ నాలుగు ముక్కలు.

అధికారులు దీన్ని "విలీనం" అంటారు. మనవైపు ఎవరో లేచి "బడిని చంపేస్తున్నారు" అంటారు. ఆ రెండు మాటలూ నువ్వు ఎత్తుకోకు. 2022లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఈ మూడు తరగతుల్నీ దగ్గరి హైస్కూళ్లలో కలపమంటూ జీవో 117 వచ్చినప్పుడు రాష్ట్రమంతా సంస్కరణ అని ఒకరు, మూసివేత అని ఇంకొకరు అరుచుకున్నారు. 2025లో ఆ జీవో రద్దయింది. ఇప్పుడు తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూల్ అంటున్నారు. ఆ పేరు వింటేనే మన బడి తక్కువదేమో అనిపిస్తుంది. నువ్వు మాత్రం మూడో తరగతి పిల్ల ఏ దారిన వెళ్లాలి, రోడ్డు ఎవరు దాటిస్తారు, అక్కడ తరగతికో టీచరు ఉంటారని కాగితం మీద రాశారా అని అడుగు. నిజంగా ఉంటే అది పిల్లలకు మేలే, ఆ మాటా ఒప్పుకో.

ఖర్చు దగ్గర ఇంకా జాగ్రత్త. "ఒక్కో పిల్ల మీద ఇంత తగలేస్తున్నాం, ఆ డబ్బుతో ప్రైవేటులో చదివించొచ్చు" అంటారు. టీచరు జీతం నెలకు 60,000 అనుకో. 40 మంది పిల్లలుంటే తలా 1,500. 12 మందే ఉంటే తలా 5,000. జీతం పెరగలేదు, పిల్లలు తగ్గారు. ఎందుకు తగ్గారో చెప్పకుండా ఈ లెక్క ఒక్కటే చదివితే తప్పంతా బడి మీదకు వస్తుంది. చిన్న తరగతులకు కిలోమీటరు లోపు బడి ఉండాలని విద్యాహక్కు నియమాలే చెబుతున్నాయి. చిన్న ఊళ్లో చిన్న బడి తప్పదమ్మా.

బడి భోజనాన్ని "ఉచితాలు" అనడం వింటే నాకు కడుపు మండుతుంది. బడిలో వండిన అన్నం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 ఆహార భద్రత చట్టం దాన్ని పిల్లల హక్కు చేసింది. ఎవరో దయతలచి పెడుతున్నది కాదని గట్టిగానే చెప్పు. పథకం పేరు మాత్రం ఎత్తకు. పాత ప్రభుత్వం పెట్టిన గోరుముద్ద పేరన్నా, తర్వాతి ప్రభుత్వం పెట్టిన డొక్కా సీతమ్మ పేరన్నా ఆ క్షణమే మీటింగు పార్టీల గొడవైపోతుంది. పప్పు నీళ్లలా ఉంటోందా, గుడ్డు ఏ రోజుల్లో పెడుతున్నారు, దాని గురించి మాట్లాడు.

తీర్మానం రాసేటప్పుడు పక్కనే కూర్చో. "సభ్యులు అంగీకరించారు" అని ఒక్క ముక్కతో సరిపెడితే సంతకం పెట్టకు. నువ్వు అడిగినవీ వాళ్లు చెప్పినవీ మినిట్స్ పుస్తకంలో రాయించి, తల్లులందరికీ వినపడేలా చదివించు. ఆ పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు, సంతకానికి ముందే చూస్తాను.

ఇట్లు,
మావయ్య