బుజ్జీ, ముందు మీ అమ్మ పాస్‌బుక్కు తీసి చూడు

కంచరపాలెం, విశాఖపట్నం,
జూలై, ఆదివారం.

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో నీ ఇంజనీరింగ్ ఫీజుకి స్కాలర్‌షిప్పుల సంగతి సగం చెప్పేలోగా మీ నాన్న ఫోన్ అందుకుని, "ఎందుకులే వదినా, ఎక్కడో ఒకచోట అప్పు పుట్టిస్తాను" అన్నాడు. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్లు కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్పుల సీట్లో కూర్చున్నాను. సొంత చెల్లెలి కూతురు సీటు తెచ్చుకుంటే, దాని తండ్రి వడ్డీవాళ్ల గుమ్మం ఎక్కుతాడా? అందుకే తెల్లారగానే కాగితం, పెన్ను పట్టుకున్నాను. నోటిమాట ఏ ఆఫీసులోనూ చెల్లదు కదా, ఆ అలవాటే నాకూ ఉండిపోయింది. ఈ ఉత్తరం దాచుకో. నాలుగేళ్లూ పనికొస్తుంది.

స్కాలర్‌షిప్పు ఫారం నింపడం అరగంట పని. అసలు పని దానికి ముందుంది. నీ కాగితాలన్నీ వరసగా పరిచి చూడు: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు. అన్నింటిలోనూ నువ్వు ఒక్క మనిషివేనా? మన పేర్లతో ఇదే తంటా. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్లో ఒక్క అక్షరంతో సరిపెడతారు, బ్యాంకులో దాన్ని తీసుకెళ్లి చివర్న తగిలిస్తారు. లక్ష్మి అనే పేరుని ఇంగ్లీషులో ఒకచోట ఎక్స్‌తో రాస్తే, ఇంకోచోట కేఎస్‌హెచ్‌తో రాస్తారు. మనకి అది ఒకే పేరు. కంప్యూటరుకి ఇద్దరు ఆడపిల్లలు.

తేడా కనిపిస్తే మెమోనే ప్రమాణంగా పెట్టుకుని ఆధార్ మార్పించుకో. మెమో మార్పించాలంటే బోర్డు చుట్టూ తిరగాలి, ఆ తిరుగుడు నీ శత్రువుకి కూడా వద్దు. అయితే ఆధార్లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండే సార్లు, పుట్టినతేదీకి ఒక్కసారే. అందుకని సెంటర్లో అమ్మాయి టైపు చేశాక స్క్రీన్ నీవైపు తిప్పమని అడిగి, ఒక్కో అక్షరం చదివాకే సరే అను. సిగ్గుపడకు, వెనక క్యూ ఉంటే ఉండనీ.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ దెబ్బ నేనూ తిన్నాను. నా సర్వీసు పుస్తకంలో పుట్టింటి పేరు, బ్యాంకులో అత్తింటి పేరు. ముప్పై ఏళ్లు జీతం పడింది కాబట్టి నేను పట్టించుకోలేదు. రిటైరయ్యాక పింఛను కాగితాలు వెనక్కొచ్చాయి. ఊళ్లో పిల్లలందరికీ పేర్లు సరిచూసి పంపినదాన్ని, నా పేరు నేను సరిచూసుకోలేదు. ఐదు నెలలు మీ పెదనాన్న పింఛనుతోనే ఇల్లు గడిచింది. ఆ ఐదు నెలలూ ఆయన రోజూ ఏదో ఒక వంకతో నవ్వేవారు, అది వేరే సంగతి.

కాబట్టి మీ అమ్మ పాస్‌బుక్కు కూడా తీసి చూడు. ఈ రాష్ట్రంలో ఫీజు డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్నది ప్రభుత్వంతోపాటు మారుతూ వచ్చింది. ఒకప్పుడు కాలేజీకి, తర్వాత తల్లి ఖాతాకి, ఆ తర్వాత తల్లీబిడ్డల జాయింటు ఖాతాకి, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీకే అన్నారు. రేపు ఏమంటారో మనకెందుకు? నీ ఖాతా, అమ్మ ఖాతా రెండూ సిద్ధంగా ఉంటే చాలు.

సిద్ధంగా అంటే మూడు చూడాలి. ఒకటి, ఖాతా వాడుకలో ఉందా. రెండు, పూర్తి కేవైసీ అయిందా. ఆధార్ లాంటి గుర్తింపు కాగితాలేవీ ఇవ్వకుండా తెరిచిన చిన్న ఖాతాలో 50,000 రూపాయలకు మించి నిల్వ ఉండకూడదు, ఏడాది మొత్తానికి లక్షకు మించి జమ కాకూడదు. పూర్తి కేవైసీ అయి ఉంటే ఆ బెంగ ఉండదు. మూడోదే అసలైంది. ఆధార్ నంబరు ఎన్ని ఖాతాలకైనా ఇచ్చి ఉండొచ్చు, ప్రభుత్వం డబ్బు మాత్రం చివరిగా ఏ బ్యాంకుతో అనుసంధానం అయిందో దాంట్లోనే పడుతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీ కొట్టి అది ఏ బ్యాంకో చూడొచ్చు.

మా కాలేజీలో ఒకబ్బాయి ఏడాదంతా నా టేబుల్ దగ్గరికి వచ్చి, "మేడమ్, నాకు పడలేదు" అంటూ ఉండేవాడు. కంప్యూటర్లో చూస్తే పడినట్టే ఉంది. వాడు అబద్ధమాడుతున్నాడేమోనని ఒకరోజు కసురుకున్నాను కూడా. తీరా చూస్తే సిమ్ కార్డు కొన్నప్పుడు వేలిముద్ర వేశాడు, దాంతో ఫోన్లోనే ఒక ఖాతా తెరుచుకుంది, డబ్బంతా అందులో కూర్చుంది. వాడికి ఆ ఖాతా ఉన్నట్టే తెలియదు. కసిరినందుకు ఇప్పటికీ నాకు బాధే.

ఇక పథకాల సంగతి. నీకు మొదట చూడాల్సింది ఫీజు రీయింబర్స్‌మెంటు. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో వచ్చింది, తర్వాత విద్యా దీవెన అయింది, పేరేదైనా జనం నోట్లో ఫీజు రీయింబర్స్‌మెంటే. నీది కౌన్సెలింగ్‌లో వచ్చిన కన్వీనర్ కోటా సీటు కాబట్టి దారి తెరిచే ఉంది. మేనేజ్‌మెంట్ కోటాకి, స్పాట్ అడ్మిషన్‌కి, డీమ్డ్ యూనివర్సిటీకి ఇది రాదు. "ఆ కాలేజీ వదిలెయ్, మా దాంట్లో మంచి బ్రాంచి ఇప్పిస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఈ ఒక్క మాట గుర్తుంచుకుని ఫోన్ పెట్టేయ్. నేను సీట్లో ఉన్నప్పుడు కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉండకూడదు, కారు ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకి ఉద్యోగం విషయంలో మినహాయింపు ఉండేది. మీ నాన్న ఆటోకి భయం లేదు. నా భయమంతా మీ బాబాయి గురించి. వాడు పెళ్లయి పెందుర్తిలో వేరే కాపురం పెట్టి మూడేళ్లయింది, ఉద్యోగం ప్రభుత్వానిది. రికార్డులో ఇంకా మీ ఇంటి మనిషిగానే ఉంటే నీ దరఖాస్తుకి అడ్డం పడతాడు, పాపం తనకి తెలియకుండానే. రేపే గాజువాకలో మీ వార్డు సచివాలయానికి వెళ్లి మీ కుటుంబం కింద ఎవరెవరి పేర్లున్నాయో అడుగు. ఆదాయం సర్టిఫికెట్టుకి అక్కడే దరఖాస్తు పెట్టొచ్చు, తహసీల్దారు ఇస్తారు. ఈ ఏడాది నియమాల్లో ఏమైనా మారిందా అన్నది కూడా అక్కడే తేల్చుకో.

హాజరు 75 శాతం తగ్గనివ్వకు. ఇంకోమాట, ఈ డబ్బు విడతలుగా వస్తుంది, ఎప్పుడూ సమయానికి రాదు. ఈలోగా కాలేజీలో ఫీజు కట్టమని అడగొచ్చు. కట్టక తప్పకపోతే ప్రతి రూపాయికీ రసీదు తీసుకో. తర్వాత ప్రభుత్వం డబ్బు కాలేజీకి చేరినప్పుడు నీది నువ్వు వెనక్కి అడగాలంటే ఆ రసీదే నీ నోరు.

రెండోది కేంద్రం వాళ్ల నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్. అందులో ముందు ఒకసారి రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, ఓటీఆర్ అంటారు. ఫోన్‌లో నీ మొహం చూపిస్తే ఆధార్‌తో సరిచూసుకుని ఒక నంబరు ఇస్తుంది. చదువు అయ్యేదాకా అదే నంబరు. ఇంజనీరింగ్ చదివే ఆడపిల్లల కోసం, సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ అందులోనే ఉంటుంది. ఏడాదికి 50,000. ఆదాయం ఎనిమిది లక్షల వరకూ ఉన్నా పెట్టుకోవచ్చు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకూ ఇస్తారు. ఫస్టియర్‌లోనే పెట్టాలి. నేరుగా సెకండియర్‌లో చేరే డిప్లొమా పిల్లలకి మాత్రం అప్పుడు అవకాశం ఉంటుంది. నీ క్లాసులో సగం మందికి దీని పేరే తెలియదు, చెప్పు వాళ్లకి.

ఏ పథకం పెట్టినా, ఇంకో స్కాలర్‌షిప్పుతో కలిపి తీసుకోవచ్చా అన్న వాక్యం నియమాల్లో వెతికి చదువు. బీఎస్సీలో చేరుతున్న నీ స్నేహితురాలి సంగతి అడిగావు కదా. ఇంటర్ బోర్డులో 80 పర్సెంటైల్ దాటి, అంటే మార్కుల్లో నూటికి ఎనభై మందిని దాటి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే కేంద్రం డిగ్రీకి ఏడాదికి 12,000 ఇస్తుంది. కానీ ఫీజు రీయింబర్స్‌మెంటు తీసుకుంటే ఇది రాదు. రెండూ లెక్కేసి, ఏది ఎక్కువైతే అది పెట్టుకోమను.

సబ్మిట్ నొక్కాక పిల్లలు పండగ చేసుకుంటారు. నా అనుభవంలో సగం దరఖాస్తులు చచ్చేది ఆ తర్వాతే. పోర్టల్‌లో పడింది కాలేజీ నోడల్ ఆఫీసరు చూసి ఓకే చెయ్యాలి, దానికి వాళ్లకో ఆఖరి తేదీ ఉంటుంది. ఆ సీట్లో నాలాంటి మనిషే ఉంటుంది, టేబుల్ మీద గుట్ట ఉంటుంది. వారం తర్వాత ప్రింటు, జిరాక్సులు పట్టుకుని వెళ్లి, "మేడమ్, నాది వెరిఫై అయిందా?" అని అడుగు. మర్యాదగా అడుగు, కానీ అడుగు. రెండుసార్లు వచ్చిన పిల్ల మొహం నాకు గుర్తుండేది, ఆ కాగితం గుట్టలోంచి పైకి వచ్చేది. అది న్యాయం కాదని తెలుసు, ఉన్నమాట చెబుతున్నాను. డిఫెక్ట్ అని వెనక్కొస్తే ఏడవకు, కారణం అక్కడే రాసి ఉంటుంది, దిద్ది మళ్లీ పంపు. ఇక రెన్యువల్ మర్చిపోయి సెకండియర్‌లో పోగొట్టుకున్నవాళ్లని నేను చూసినంతమందిని ఎవరూ చూసి ఉండరు.

నెట్ సెంటర్లో ఒక జాగ్రత్త. జగదాంబ దగ్గరైనా, మద్దిలపాలెంలోనైనా, హడావిడిలో ఆ కుర్రాడు తన ఫోన్ నంబరే కొట్టేస్తాడు, పాస్‌వర్డ్ తనే పెట్టుకుంటాడు. చెడ్డవాడై కాదు, పని తొందర. వచ్చే ఏడాది ఓటీపీ వాడికి వెళుతుంది, వాడు షాపు ఎత్తేసి ఉంటాడు. నీ నంబరు, నీ మెయిల్, నీ పాస్‌వర్డ్. కేంద్రం పోర్టల్‌లో దరఖాస్తుకి ఫీజు లేదు, నెట్ సెంటర్ కూలి తప్ప. స్కాలర్‌షిప్పు మంజూరైంది, ఓటీపీ చెప్పు అని ఎవరైనా ఫోన్ చేస్తే దొంగ అనుకో.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు పసిదానివి. ఆ వారం పిల్లలు తడిసిన సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చారు, రేకులు ఎగిరిపోయిన ఇళ్ల నుంచి. కరెంటు లేదు. ఆఫీసు కిటికీ గ్రిల్‌కి పురికొస కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి మెమోలు ఆరబెట్టాం. సిరా కారిపోయి కొన్ని తెల్లగా అయిపోయాయి. ఒకమ్మాయివి మాత్రం పొడిగా ఉన్నాయి, వాళ్లమ్మ ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టిందట. నువ్వు డబ్బాలోనూ పెట్టు, సర్టిఫికెట్లు దాచే సర్కారు యాప్ డిజిలాకర్లోనూ పెట్టు.

ఇప్పుడు మీ నాన్నకి. ఇది ఆయనకి గట్టిగా చదివి వినిపించు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నోటికి తేలిగ్గా ఉంటుంది. లక్షకి నెలకి మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. బ్యాంకు చెప్పే శాతం ఏడాదికి, వాళ్లది నెలకి, అక్కడే మోసపోతాం. హాస్టలుకీ, పుస్తకాలకీ డబ్బు చాలకపోతే చదువు అప్పు బ్యాంకులోనే తీసుకోండి. నాలుగు లక్షల దాకా మన చేతినుంచి వాటా పెట్టక్కర్లేదు, ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు. కోర్సు అయ్యాక ఇంకో ఏడాది వరకూ కంతులు మొదలవ్వవు, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా తీర్చుకోవచ్చు. ఆదాయం నాలుగున్నర లక్షల లోపుండి టెక్నికల్ కోర్సు అయితే, చదివినన్నాళ్ల వడ్డీ కేంద్రమే కట్టే పథకం ఉంది. కాలేజీకి న్యాక్ గానీ, కోర్సుకి ఎన్‌బీఏ గానీ నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపు ఉండాలి, కనుక్కో. 2024 నవంబరులో కేంద్రం ఒప్పుకున్న పీఎం విద్యాలక్ష్మిలో మంచి ర్యాంకులున్న విద్యాసంస్థల పిల్లలకి తాకట్టు, హామీదారు లేకుండానే అప్పు ఇస్తారు. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందేమో చూడు. బ్యాంకు మేనేజరు "తర్వాత రండి" అంటే, కాదన్న కారణం రాసి ఇవ్వమని అడగండి. చాలాసార్లు అప్పుడు కుర్చీ చూపిస్తారు. మీ అమ్మ పుస్తెలతాడు జోలికి మాత్రం పోవద్దని చెప్పు. అది మా అమ్మ చేయించింది.

వచ్చే ఆదివారం మీ ముగ్గురూ రండి. మెమోలు, ఆధార్లు, రేషన్ కార్డు, రెండు పాస్‌బుక్కులు, ఆధార్‌కి లింకైన ఫోను. ఫోను చార్జింగ్ పెట్టుకుని రా, పోయినసారిలా కాదు. వేట మళ్లీ మొదలైంది కదా, మీ పెదనాన్న పొద్దున్నే హార్బర్‌కి వెళ్లి వంజరం తెస్తానన్నారు. ముందు కాగితాలు చూస్తాను, తర్వాతే పులుసు.

ఇట్లు,
మీ పెద్దమ్మ