సిపాయి చేత స్పీచ్ ఇప్పించకు

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిల్ పెట్టుకుని. మిలటరీ మాధవరం నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన సిపాయి కథ ఎత్తుకున్నావు, సంతోషం. కానీ 42వ పేజీ దగ్గర ఆగిపోయాను. నీ హీరో తెల్ల కెప్టెన్ ముందు నిలబడి పేజీన్నర డైలాగు చెప్తాడు. ‘మా రక్తం ఎరుపు కాదా దొరా?’ అంటాడు. విజిల్స్ పడతాయి, కాదనను. కానీ నిజంగా ఆ మాటన్న సిపాయి ఆ సాయంత్రానికి గార్డు రూములో బందీగా ఉంటాడు. నువ్వేమో తర్వాతి సీనులో అతనికి టీ ఇప్పించావు.

నేనూ ఇదే తప్పు చేశాను. పాతికేళ్ల వయసులో ఇలాంటి కథే పంపిస్తే, ఒక ఎడిటర్ గారు మార్జిన్‌లో ‘ఇతను సిపాయా, ప్లీడరా?’ అని రాసి తిప్పి పంపారు. నెల రోజులు ఆయన్ని తిట్టుకున్నాను.

2006లో వచ్చిన ‘డేస్ ఆఫ్ గ్లోరీ’ సినిమా చూడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడిన ఉత్తర ఆఫ్రికా సైనికుల కథ. ఓడలో భోజనాల లైను. ఒక నల్ల సైనికుడు టమాటా అడుగుతాడు, వంటవాడు పెట్టనంటాడు. కార్పోరల్ అబ్దెల్‌కాదర్ ఆ టమాటాలను బూటు కింద నలిపేస్తాడు. అంతే! వివక్ష అన్న మాట అనకుండానే విషయం మనకు ఎక్కేసింది. అవమానం తిండి దగ్గర, జీతం దగ్గర, సెలవు దగ్గర పట్టుబడుతుంది. అక్కడ వెతుకు.

అందులోనే సార్జెంట్ మార్టినెజ్ ఉన్నాడు, అరబ్ కుర్రాళ్ల మీద పెత్తనం చేసేవాడు. అతను దాచుకున్న ఫోటో, అతని కింద పనిచేసే అరబ్ సైనికుడు సయీద్ కంటపడుతుంది. మార్టినెజ్ తల్లి అరబ్ అని తెలిసిపోతుంది. మనిద్దరం ఒకటే అన్నట్టు సయీద్ ప్రేమగా ఆ మాటెత్తితే మార్టినెజ్ మండిపడతాడు. నీ కెప్టెన్‌కి మీసాలూ కొరడా తప్ప ఏమీ లేవు. ఒక్క ఫోటో అయినా ఇవ్వరాదూ?

ఇక ‘కాంప్ ద తియారోయ్’ సినిమా, 1988. తీసిన ఇద్దరిలో ఒకరు సెంబేన్ ఉస్మాన్, తనూ ఫ్రెంచ్ సైన్యంలో పనిచేసినవాడే. జర్మన్ల చెరలోంచి బయటపడి సెనెగల్‌లో డాకర్ దగ్గర క్యాంపుకి చేరిన ఆఫ్రికా సైనికులు బాకీ జీతం అడుగుతారు. వాళ్ల దగ్గరున్న ఫ్రెంచ్ డబ్బుకి సగమే కట్టిస్తామంటారు ఆఫీసర్లు. గొడవంతా ఆ లెక్క దగ్గరే. 1944 డిసెంబర్ 1న నిజంగానే అక్కడ వాళ్ల మీద కాల్పులు జరిగాయి. సినిమాలో ‘పే’ అని ఒకడుంటాడు, జర్మన్ క్యాంపులో మాట పడిపోయినవాడు. రాత్రి కాపలాలో ఉండి ట్యాంకులు రావడం చూస్తాడు. పరుగెత్తుకెళ్లి సైగలతో చెప్తాడు, పిచ్చి ముదిరిందనుకుని పడుకోమంటారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మన వాళ్ల సంగతి చూద్దాం. బ్రిటిష్ ఇండియా సైన్యంలో 20 ఏళ్ల సర్వీసున్న సుబేదారు, అంటే భారతీయ ఆఫీసరు కూడా నిన్నగాక మొన్న దిగిన తెల్ల లెఫ్టినెంటు కిందే. సెల్యూట్ ఇతనే కొట్టాలి. బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్‌కి భారతీయులు అర్హులైందే 1911లో. ఉత్తరాలు సెన్సారు చేసేవాళ్లు కనుక ఫ్రాన్స్ నుంచి కొందరు గుట్టుగా రాశారు: నల్ల మిరియాలంటే మనవాళ్లు, ఎర్ర మిరప అంటే తెల్లవాళ్లు. ఏది అయిపోవచ్చిందో ఇంట్లోవాళ్లకి అర్థమయ్యేది. వంటింటి సరుకులతో చావు లెక్క చెప్పిన మనిషికి నీ పేజీన్నర డైలాగు ఎందుకు?

మరో మాట. ‘డేస్ ఆఫ్ గ్లోరీ’ వచ్చాకే, 1959 నుంచి పెరగకుండా ఆపేసిన పాత సైనికుల పింఛన్లు పెంచుతామని ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రకటించింది. అది విని నువ్వూ లోకాన్ని మార్చేద్దామని కూర్చోకు, టెన్షన్ తప్ప సీను రాదు.

42వ పేజీ కొట్టేసి అక్కడ జీతాల రోజు పెట్టు. సిపాయికి నెలకి 11 రూపాయలు. అందులో ఇంటికెంత పంపాడో, ఏం కొనుక్కోలేకపోయాడో రాయి. కెప్టెన్ ఆ సీనులో లేకపోయినా పర్లేదు.

పెన్సిల్ రాతలున్న కాపీ నా దగ్గరే ఉంది. కొరియర్ చేయను, ఆదివారం వచ్చి తీసుకెళ్లు. భోజనం ఇక్కడే.