స్కూబా ఖర్చు నీళ్లలో ఉండదు, నీళ్ల దాకా వెళ్లడంలో ఉంటుంది

"హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకు అరవై వేలు చేతికొస్తాయి. స్కూబా డైవింగ్‌ని హాబీగా పెట్టుకోవాలంటే ఎంత ఖర్చవుతుంది?" అని అడిగారు. మీకు ఇప్పటికే జవాబిచ్చిన ఒకాయన "ముప్పై వేలు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇంకొకరేమో కోటీశ్వరుల వ్యవహారం అన్నారు. ఇద్దరూ నీళ్లలోకి దిగినట్టు లేరు. నేను కరీంనగర్‌లో పుట్టి, డిగ్రీ అయ్యేదాకా సముద్రం ముఖం చూడని మనిషిని. కొన్నేళ్లుగా డైవింగ్ చేస్తున్నాను. మొదలుపెట్టినప్పుడు నా జీతం కూడా మీ జీతానికి అటూ ఇటూగానే ఉండేది.

ముప్పై వేలు అనేది ఉత్త కోర్సు ఫీజు. ఓపెన్ వాటర్ అనే మొదటి సర్టిఫికెట్‌కి అండమాన్‌లో పాతిక నుంచి ముప్పై అయిదు వేల మధ్య తీసుకుంటున్నారు. మూడు నాలుగు రోజుల పని. థియరీ ఇంటి దగ్గరే ఫోన్‌లో చదువుకోవచ్చు. అక్కడికెళ్లాక లోతు తక్కువ నీళ్లలో అభ్యాసం, ఆ తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు. ఆ కార్డు చేతికొస్తే ప్రపంచంలో ఎక్కడైనా తోడు డైవర్‌తో కలిసి 18 మీటర్ల లోతు దాకా వెళ్లొచ్చు. ఈ కార్డులిచ్చే సంస్థల్లో పాడీ కార్డు మేలా, ఎస్ఎస్ఐ కార్డు మేలా అని గంటలు గంటలు వాదించేవాళ్లు కనిపిస్తారు. వాళ్లని పట్టించుకోకండి, రెండూ అన్నిచోట్లా చెల్లుతాయి.

చిక్కంతా హైదరాబాద్‌లో సముద్రం లేకపోవడంతోనే. విమానం రానూపోనూ సీజన్‌ని బట్టి పన్నెండు నుంచి ఇరవై వేలు. పోర్ట్ బ్లెయిర్, అదే ఇప్పుడు శ్రీ విజయపురం, అక్కడి నుంచి డైవింగ్ ఎక్కువగా జరిగే హేవ్‌లాక్ దీవికి ప్రైవేటు ఫెర్రీ ఒక్కో వైపుకి పదిహేను వందలకి తగ్గదు. ఆ దీవికీ పేరు మారింది, స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, టికెట్లు వెతికేటప్పుడు రెండు పేర్లూ కొట్టి చూడండి. గది, తిండి, స్కూటర్ అద్దె మామూలే. తిండి చవక కాదు, అక్కడ సరుకుల్లో చాలావరకు ఓడెక్కి రావాల్సిందే.

ఇవన్నీ ఎవరైనా లెక్కేస్తారు. ఎవరూ లెక్కెయ్యనిది చివరి రోజు. వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది, అది మెల్లగా బయటికి పోవాలి. ఈలోపే పీడనం తక్కువుండే విమానంలో కూర్చుంటే అది బుడగలుగా మారి కీళ్లకీ నరాలకీ ముప్పు తెస్తుంది. అంటే ఏ పనీ లేకుండా కూర్చోవడానికి ఒక రోజు గది అద్దె, ఒక రోజు సెలవు. ఆఫీసులో సెలవులు దొరకడం డబ్బు దొరకడం కంటే కష్టం, అది వేరే పురాణం. అంతా కలిపితే మొదటి ట్రిప్ డెబ్బై వేల దగ్గర తేలుతుంది. ఈ అంకె విని మా అమ్మ, "సముద్రంల దునికేటందుకు డెబ్బై వేలా? మన చెరువుల దునుకు బిడ్డా, ఎవ్వడు పైసలడగడు" అంది.

థాయ్‌లాండ్‌లో కో తావో దీవికి వెళ్తే కోర్సు పది పన్నెండు వేల బాత్‌లలో అయిపోతుంది, కొన్నిచోట్ల పడుకోవడానికి మంచం కూడా అందులోనే ఇస్తారు. బ్యాంకాక్ నుంచి రైల్లోనో బస్సులోనో చుంఫోన్ వెళ్లి పడవ ఎక్కాలి. విమానం టికెట్ తక్కువలో దొరికినప్పుడు అండమాన్‌కీ దానికీ పెద్ద తేడా ఉండదు. నేను మాత్రం అండమానే మేలంటాను. దానికి నా కారణం నాకుంది.

అండమాన్‌లో నా కోర్సు చివరి రోజు. రెండు డైవ్‌ల మధ్య పడవ మీద విరామం ఇస్తారు. మొదటి డైవ్ అయ్యి నేను నిచ్చెన ఎక్కుతున్నాను. సిలిండరూ, నడుముకి బరువులూ కలిపి ఇరవై కిలోలకి తక్కువ ఉండదు. నీళ్లలో దాని ఊసే తెలియదు గానీ, తల బయట పెట్టగానే మొత్తం వీపు మీదకొస్తుంది. సరిగ్గా అప్పుడే ఒక అల తోసింది. "అమ్మో, నా నడుం!" అని గట్టిగా అనేశాను. అప్పటిదాకా అందరితో హిందీలో మాట్లాడుతున్న పడవాయన గబుక్కున వెనక్కి తిరిగి, "తెలుగోళ్లేటమ్మా?" అన్నాడు.

శ్రీకాకుళం వైపు మనిషి. వాళ్ల నాన్న చేపల వేటకి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డాడట. అక్కడ ఏ సందులోకి వెళ్లినా తెలుగు వినిపిస్తుంది, తెలియనివాళ్లు ఆశ్చర్యపోతారు. ఫ్లాస్కులో టీ పోసిచ్చి, బిస్కెట్ల డబ్బా నా ముందుకి జరిపి, అసలు సంగతిలోకి వచ్చాడు.

"దీనికెంత కట్టినారేటమ్మా?"

చెప్పాను. కాసేపు లోపల్లోపల ఏదో లెక్క కట్టుకున్నాడు.

"మా నాన్న కాలంలో ఆ డబ్బుకి తెప్పా, వలా రెండూ వచ్చేసి ఇంకా మిగిలేది. సముద్రంలోకి దిగితే మనకి డబ్బు రావాలి గానీ, మనం కట్టి దిగడమేటి?"

నా దగ్గర జవాబు లేదు. "మీరెప్పుడైనా సిలిండర్ కట్టుకుని దిగారా బాబాయ్?" అని మాట మార్చాను.

"నేనా? ఎందుకూ! నేనూ దిగిపోతే మీ బుడగలెవుడు సూస్తాడు?"

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. రెండో డైవ్‌లో దిగిన కాసేపటికే నీటి వాలు మారింది. మేం పగడాల వెంబడి వెళ్తున్నామనే అనుకుంటున్నాం, నిజానికి ప్రవాహమే మమ్మల్ని పక్కకి తీసుకుపోతోంది. మా ఇన్‌స్ట్రక్టర్ అది గమనించి, నారింజ రంగు పొడవాటి గొట్టంలోకి గాలి ఊది పైకి వదిలాడు. మేం ఇక్కడున్నామని పడవకి తెలిపే గుర్తు అది. ఒంట్లోని నైట్రోజన్ కొంత పోవడానికి అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి తల పైకి పెట్టి చూస్తే, మేం దిగిన చోటు ఎక్కడో దూరాన ఉంది. పడవ మాత్రం నాలుగు బారల దూరంలో, ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టుకుని నిలబడి ఉంది. గొట్టం కంటే చాలా ముందే ఆయన మా బుడగల వెంట వచ్చేశాడు. గాలి లేచి నీటి మీద చిన్న చిన్న నురగలు మొదలైతే బుడగల్ని గుర్తుపట్టడం ఎంత కష్టమో తర్వాత చెప్పాడు. చెయ్యి అందిస్తూ మాత్రం, "ఏటమ్మా, చెప్పకుండా ఎటో ఎల్లిపోతన్నారు" అన్నాడంతే.

మీ ప్రశ్నకి అసలు జవాబు అక్కడే ఉంది. మీరు కట్టే డబ్బులో చేపలకీ పగడాలకీ వెళ్లేది ఏమీ లేదు. డీజిల్‌కీ, సిలిండర్లలో శుభ్రమైన గాలి నింపే కంప్రెసర్‌కీ, పక్కన ఈదే ఇన్‌స్ట్రక్టర్‌కీ, పైన కూర్చుని బుడగలు చూసే మనిషికీ వెళ్తుంది. అందుకే నేర్పేవాళ్ల దగ్గర బేరం ఆడొద్దంటాను. ఎవరైనా మిగతావాళ్లకంటే బాగా తక్కువకి ఇస్తున్నారంటే వీళ్లలో ఎవరో ఒకరి మీద మిగుల్చుకున్నట్టే. ఫోన్ చేసినప్పుడు రేటు తర్వాత అడగండి. ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఎంతమందిని పెడతారు, పడవలో ఆక్సిజన్ కిట్ ఉందా, ముందు ఇవి అడగండి. నలుగురికి మించి పెడతామంటే నేనైతే వెళ్లను.

ఆక్సిజన్ అంటే గుర్తొచ్చింది. మన చుట్టాలు, టీవీ వాళ్లు, ఆఖరికి నాతో పనిచేసే ఇంజినీర్లు కూడా వీపు మీద ఉన్నది ఆక్సిజన్ సిలిండర్ అంటారు. అందులో ఉండేది మనం ఇప్పుడు పీల్చుకుంటున్న మామూలు గాలే, 200 బార్ ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లతో, కుక్కి నింపుతారు. అచ్చమైన ఆక్సిజన్ పీలుస్తూ ఆరు మీటర్లు దాటితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఆక్సిజన్ ఉండాల్సింది పడవలో, ప్రమాదం జరిగితే ఇవ్వడానికి. ఇన్నేళ్లుగా చెబుతున్నా మా బావకి ఎక్కలేదు.

ఈ గాలి లెక్క మీ జేబుకీ సంబంధించినదే. పది మీటర్ల లోతులో పీడనం రెట్టింపు, గాలి కూడా రెట్టింపు వేగంతో ఖర్చవుతుంది. కొత్తవాళ్లు భయంతో గబగబా పీలుస్తారు కాబట్టి అరగంట, ముప్పావుగంటకే సిలిండర్ గేజ్‌లో ముల్లు 200 నుంచి 50 బార్ దగ్గరకొస్తుంది, పైకి రావాల్సిందే. అలవాటైనవాళ్లు అదే సిలిండర్‌తో గంట దాకా ఉంటారు. డబ్బు ఇద్దరికీ ఒకటే. కోర్సు తర్వాత రెండు డైవ్‌లకి, పడవా సామగ్రీ కలిపి ఆరు నుంచి ఎనిమిది వేలు అనుకోండి. నెమ్మదిగా ఊపిరి తీయడం నేర్చుకుంటే ఆ డబ్బుకే ఎక్కువసేపు ఉండొచ్చు. ఏడాది పాటు నీళ్లలోకి దిగకపోతే మాత్రం ముందు రిఫ్రెషర్, అంటే నేర్చుకున్నవి మళ్లీ గుర్తు చేసే చిన్న శిక్షణ, చెయ్యమంటారు, దానికి వేరే డబ్బు. కార్డుకి గడువు ఉండదు, మన ఒంటికి ఉంటుంది.

బీచ్ ఊళ్లలో అమ్మే పదిహేను నిమిషాల 'స్కూబా విత్ వీడియో'ల గురించి అడిగేవాళ్లు ఉంటారు. కొన్నిచోట్ల చేసేదేమిటంటే, వెనక నుంచి సిలిండర్ పట్టుకుని కిందికి దింపి, బ్రెడ్డు ముక్క చల్లి చేపల్ని పిలిచి, రెండు వేళ్లు చూపించమని ఫొటో తీసి పైకి లాగేస్తారు. మాస్కులోకి నీళ్లొస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పరు. ఆ డబ్బు దాచుకుని కోర్సుకి కలుపుకోండి. అన్నట్టు, చేపలకి బ్రెడ్డు వెయ్యకండి.

ఇక సామాను. కోర్సు అవ్వగానే పూర్తి సెట్టు కొనాలని చెయ్యి దురద పెడుతుంది. నీళ్లలో తేలడాన్ని సర్దుకునే గాలి జాకెట్టు (బీసీడీ), సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ కలిపితేనే డెబ్బై వేల నుంచి లక్ష దాటుతుంది. రెగ్యులేటర్‌కి ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించాలి, ఆ పని చేసేవాళ్లు కొన్ని ఊళ్లలోనే ఉంటారు. దేశీయ విమానాల్లో మామూలుగా ఇచ్చే పదిహేను కిలోల బ్యాగేజీ దానికే సరిపోతుంది, బట్టలకి మళ్లీ డబ్బు కట్టాలి. తీరా చూస్తే డైవ్ రేటులో అద్దె సామాను ఎలాగూ కలిసే ఉంటుంది, సొంతది తెచ్చుకున్నామంటే తగ్గించేది నామమాత్రం. సముద్రం పక్కన కాపురం పెడితే తప్ప అది దండగ. మీ ముఖానికి పట్టే మాస్క్ ఒకటి కొనుక్కోండి, నాలుగైదు వేలలో మంచిది వస్తుంది. నాలా కళ్లజోడు మనిషైతే పవర్ అద్దాలు వేయించుకోండి, లేకపోతే డెబ్బై వేలు పెట్టి మసగ్గా ఏదో రంగు చూసి వస్తారు. వరసగా వెళ్తామని నమ్మకం కుదిరాక, లోతూ సమయం లెక్కగట్టి చూపే డైవ్ కంప్యూటర్, ఇరవై వేల నుంచి మొదలు. కెమెరా జోలికి మొదటి ఏడాది వెళ్లొద్దు. కెమెరా పట్టుకున్న కొత్తవాళ్లు పగడాల్ని కాళ్లతో తన్నడం నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ ఒళ్లు మండింది.

ఇన్సూరెన్స్ కూడా లెక్కలో వేసుకోండి. మామూలు ప్రయాణ పాలసీల్లో చాలావాటికి డైవింగ్ వర్తించదు, చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. డైవర్ల కోసమే పనిచేసే డాన్ లాంటి సంస్థల పాలసీ ఏడాదికి కొన్ని వేలలో దొరుకుతుంది.

ఖర్చు తగ్గించుకునే దారి మన దగ్గరే ఉంది, కానీ మనవాళ్లకి ఆనదు. విశాఖలో రుషికొండ దగ్గర డైవింగ్ చేయించేవాళ్లున్నారు. రాత్రి రైలెక్కితే పొద్దున్నకి అక్కడుంటారు, విమానం ఖర్చు లేదు, 18 గంటల బెంగ లేదు. నీళ్లు అండమాన్‌లో ఉన్నంత తేటగా ఉండవు, నిజమే. అయితే ఏంటి? మసక నీళ్లలో తోడు మనిషిని వదలకుండా ఈదడం వచ్చినవాళ్లు ఎక్కడైనా దిగగలరు. పుదుచ్చేరి కూడా అంతే. నా పద్ధతి ఏమిటంటే, పెద్ద ట్రిప్పుకి డబ్బు కూడబెట్టుకుంటూ, మధ్యలో అలవాటు తప్పకుండా ఇలాంటి దగ్గరి చోట్లకి వెళ్లి రావడం. ఇలా చేస్తే ఏడాదికి అరవై, డెబ్బై వేలలో హాబీ నిలబడుతుంది. మీ జీతంలో నెలకి ఆరు వేలు పక్కన పెడితే చాలు. ఈఎంఐ మీద మాత్రం వెళ్లకండి.

ఈత వచ్చా రాదా అన్నది మీరు రాయలేదు. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, ఏ ఆధారం లేకుండా పది నిమిషాలు తేలాలి. ఎండాకాలం రాగానే మన నగరంలో పూల్స్ దగ్గర జనం చూస్తే నీళ్ల కంటే మనుషులే ఎక్కువుంటారు, నడుం లోతులో నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటారు. వానాకాలంలో చేరండి, కోచ్ మిమ్మల్ని చూడగలుగుతాడు.

విమానం టికెట్ల కోసం ఇప్పుడే వెతకొద్దు. ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చెవులూ సైనస్ చూపించుకోండి, ఆస్తమా లాంటివి ఉంటే చెప్పండి, కోర్సుకి ముందు నింపే ఆరోగ్య ఫారంలో ఎలాగూ అడుగుతారు. మా బ్యాచ్‌లో ఒకబ్బాయికి జలుబు చేసి చెవిలో ఒత్తిడి సర్దుకోక, మూడు మీటర్లు కూడా దిగలేక, కోర్సు రోజులన్నీ పడవ మీద బాబాయ్ పక్కన కూర్చుని టీ తాగాడు. ఫీజు మొత్తం పోయింది.