అరవై గేమ్ డిస్కుల కోసం బంగారం కుదువ పెట్టాలా?

ప్రశ్న: కావలి ట్రంకు రోడ్డులో మాకు మొబైల్ యాక్సెసరీల షాపు ఉంది. సోనీ వాళ్ల పీఎస్5కి (ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషిన్, అంటే కన్సోల్) మాత్రమే రాబోతున్న ఒక కొత్త గేమ్ డిస్కులు 60 తెప్పిద్దామనుకుంటున్నాను. ఒక్కోటి రూ.4,200కి ఇస్తామన్నారు, 4,600కి అమ్ముతాను. యూట్యూబ్‌లో ట్రైలర్‌కి లక్షల్లో వ్యూస్ ఉన్నాయి. మా ఆవిడ బంగారం మీద రెండున్నర లక్షలు తేవచ్చా?

జవాబు: వద్దండీ. గేమ్ హిట్టే కావచ్చు, కానీ ఒక్క కన్సోల్‌కే వచ్చే గేమ్‌కి గిరాకీ ఆ కన్సోల్ ఉన్న ఇళ్లు దాటదు. ట్రైలర్ చూసినవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లో చూసి ఊరుకునేవాళ్లే.

'స్పైడర్‌మ్యాన్ 2' గేమ్ 2023 అక్టోబరులో పీఎస్5కి మాత్రమే వచ్చింది. మొదటి 24 గంటల్లోనే 25 లక్షలకు పైగా అమ్ముడైంది, 2024 ఏప్రిల్‌కి కోటి పది లక్షలు దాటింది. అప్పటికి సోనీ దాదాపు ఆరు కోట్ల పీఎస్5లు బయటికి పంపింది. అంత పెద్ద హిట్టు కూడా ఐదు కన్సోళ్లకు ఒకటి చొప్పున పడలేదు! పైగా 2023-24లో ప్లేస్టేషన్ గేముల అమ్మకాల్లో ఇంచుమించు పదింట ఏడు డౌన్‌లోడ్‌లే, డిస్కులు కావు.

ఇప్పుడు మీ ఊరి లెక్క. మీకు తెలిసిన పీఎస్5 కుర్రాళ్లు ఎంతమంది? నలభై అనుకుందాం. ఐదుగురికి ఒకరు చొప్పున కొనేది ఎనిమిది మంది. మనవాళ్లు తిరిగి అమ్ముకోవచ్చని డిస్కే అడుగుతారు కాబట్టి ఆరు డిస్కులు అమ్ముడుపోతాయనుకోండి. అందులోనూ ఒక చిక్కుంది. మొదటివాడు ఆట ముగించగానే అదే డిస్కు సగం ధరకు పక్కవాడికి వెళ్తుంది, మీ షాపు మెట్టెక్కకుండానే.

సరే, ఆరు కాదు, అరవైలో 45 అమ్మారనుకున్నా వచ్చే లాభం 18,000. మిగిలిన 15 డిస్కులు నెలల తర్వాత 3,000కి వదిలించుకుంటే పోయేదీ అంతే. అంటే 45 అమ్మినా చేతికొచ్చేది సున్నా. రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు రూ.2,500 దానిమీద అదనం.

అంతగా ఆశ ఉంటే వాట్సాప్‌లో స్టేటస్ పెట్టి, తలా వెయ్యి అడ్వాన్సు తీసుకోండి. ఎన్ని అడ్వాన్సులు వస్తే అన్నే ఆర్డరివ్వండి. అమ్ముడుపోనివి వెనక్కి తీసుకుంటారా అని డీలర్‌ని రాతపూర్వకంగా అడగండి. సాధారణంగా అక్కడే గొంతు మారుతుంది. పాత డిస్కులు కొని, వంద రెండు వందలు చూసుకుని అమ్మితే పెట్టుబడి తక్కువ, ఆ కుర్రాళ్లు షాపుకి అలవాటు పడతారు. కంట్రోలర్లు, హెడ్‌సెట్లు కూడా వాళ్లే కొంటారు. వాటికి ఏ గేమ్ రిలీజుతోనూ పని లేదు.