అలల్లో ఆటోపైలట్: ఇంధనం ఎక్కడ పోతుంది?

ప్రశ్న: మా అబ్బాయి సరకుల ఓడలో ఆఫీసరు. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ఆటోపైలట్ సున్నితత్వాన్ని కావాలనే తగ్గిస్తామని, దానివల్ల ఇంధనం ఆదా అవుతుందని అంటాడు. ఓడ అటూ ఇటూ ఊగితే దూరం పెరిగి ఖర్చు ఎక్కువ కావాలి కదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఆటోపైలట్ అంటే ఓడ దిశ తప్పినప్పుడు చుక్కానిని తానే తిప్పే యంత్రం; ఎంత చిన్న తేడాకు స్పందిస్తుందన్నదే దాని సున్నితత్వం. ముందు దూరం సంగతి చూద్దాం. ఓడ నిర్ణీత దిశకు అటు మూడు, ఇటు మూడు డిగ్రీల వరకు వంకర తిరుగుతూ సాగినా పెరిగే దారి 0.07 శాతమే, వెయ్యి నాటికల్ మైళ్లకు ముప్పావు మైలైనా కాదు.

అసలు నష్టం చుక్కాని దగ్గర జరుగుతుంది. చుక్కానిని తిప్పినప్పుడు దాని పలక మీద నీరు చూపే బలంలో ఎక్కువ భాగం ఓడ వెనుక భాగాన్ని పక్కకు నెడుతుంది కానీ, కొంత మాత్రం ఓడను వెనక్కి లాగుతుంది. ఈ లాగుడు చిన్న కోణాల్లో కోణం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఐదు డిగ్రీలు చాలిన చోట పది తిప్పితే నాలుగు రెట్లవుతుంది. ఎడమకు తిప్పిన నష్టం కుడికి తిప్పితే చెల్లిపోదు; ఎటు తిప్పినా లాగేది వెనక్కే. దానికి తోడు, మలుపు తిరిగే ఓడ కొంత ఏటవాలుగా జారుతూ నీటిని పక్క భాగంతోనూ తోసుకుంటూ పోవాల్సి వస్తుంది.

పది సెకన్లకొకటిగా వచ్చే అలలకు ఎదురుగా 15 నాట్ల (గంటకు 15 నాటికల్ మైళ్ల) వేగంతో వెళ్లే ఓడకు దాదాపు 6.7 సెకన్లకే ఒక అల తగులుతుంది. వేల టన్నుల ఓడ చుక్కానికి లొంగి తిరగడం మొదలుపెట్టేలోపే ఆ అల దాటిపోతుంది, ఓడ ముక్కును పక్కకు నెట్టిన అలే దాన్ని వెనక్కీ తెస్తుంది. అలాంటప్పుడు ప్రతి ఊపుకీ చుక్కాని తిప్పడం వృథా ప్రయాస.

ఇందులో ఒక తమాషా ఉంది. రష్యాలో పుట్టిన ఇంజనీరు నికొలాస్ మినోర్‌స్కీ 1922లో ప్రచురించిన వ్యాసంలో, దిశ ఎంత తప్పిందన్నదే కాక ఎంత వేగంగా తప్పుతోందన్నదీ యంత్రం లెక్కలోకి తీసుకోవాలని చూపాడు. అనుభవజ్ఞుడైన నావికుడు ఓడ సరైన దిశకు రాకముందే చుక్కానిని ఎదురు తిప్పేది ఆ అంచనాతోనే. అయితే అలల ఊపు కూడా వేగంగా జరిగే మార్పే కావడంతో, ఆ గుణమే యంత్రాన్ని అల తగిలినప్పుడల్లా ఉలిక్కిపడేలా చేస్తుంది. నావికుడు మాత్రం ఇది అల పని అని గ్రహించి ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడాన్ని యంత్రానికి నేర్పేవే చాలా ఆటోపైలట్లలో ‘వెదర్’ పేరుతో ఉండే అమరిక, అల ఊపును వడకట్టి మిగిలిన మార్పుకే స్పందించే కొత్త పద్ధతులు.

కానీ సున్నితత్వాన్ని అన్ని వేళలా తగ్గించడం సరికాదు. అవే అలలు సరిగ్గా వెనుక నుంచి వస్తే ఓడకు ఒక్కో అల దాటడానికి సుమారు 20 సెకన్లు పడుతుంది. అంత నెమ్మదిగా సాగే ఊపు చుక్కానికి అందుతుంది. పట్టించుకోకపోతే ఓడ బాగా పక్కకు తిరిగిపోయి, తర్వాత దారికి తేవడానికి పెద్ద కోణాలే వాడాల్సి వస్తుంది. అందుకే అల ఏ వైపు నుంచి వస్తోందో చూసుకోవాలి. ఎదురు అలల్లో ఓడను నడిపే గదిలో (బ్రిడ్జి) చుక్కాని కోణం చూపే ముల్లు ఏడేసి సెకన్లకు ఎడమకూ కుడికీ కొట్టుకుంటూ, దిశ సూచికలో మాత్రం ఊపు ఏమీ తగ్గకపోతే, సున్నితత్వం తగ్గించాల్సిన సమయం వచ్చినట్లే.