మల్లెను పీకేయకండి, ముందు మొగ్గ చీల్చి చూడండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా, నల్లరేగడి నేల. ఇంటి వెనక 3 సెంట్ల ఖాళీ స్థలంలో మంచి వాసన ఉండే మన నాటు పూల మొక్కలు పెంచాలని ఉంది. ఇప్పుడు ఆరేళ్ల గుండుమల్లె పొద ఒకటి ఉంది. ఆకు దట్టంగా ఉన్నా పూలు రావడం లేదు. వచ్చిన కాసిని మొగ్గలూ ఊదారంగుకు తిరిగి రాలిపోతున్నాయి. నేలలో చౌడు ఉందేమోనని అనుమానం. షాపులో ఇచ్చిన మూడు మందులు కలిపి రెండుసార్లు కొట్టాం. దీన్ని పీకేసి సంపెంగ, పారిజాతం, నైట్ క్వీన్ పెడదామనుకుంటున్నాం. సంపెంగకు పాములొస్తాయని మా అమ్మ భయపడుతోంది. ఏవి పెట్టమంటారు?

జవాబు: చౌడు కాదు. చౌడైతే ఆకు అంచులు మాడిపోతాయి, మీ పొదలా పచ్చగా ఉండదు. మీరు పంపిన ఫొటోలో పొద సగం పక్కింటి డాబా నీడలో ఉంది. ఆరేళ్లుగా కత్తెర పడిన గుర్తే లేదు. మల్లెకు రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. నీడలో పెట్టి, రోజూ నీళ్లు పోసి, యూరియా చల్లితే ఆకే వస్తుంది.

ఊదారంగు మొగ్గల సంగతి వేరు. రాలిన మొగ్గను గోటితో చీల్చి చూడండి. లోపల నల్ల తల ఉన్న సన్నటి ఆకుపచ్చ పురుగు కనిపిస్తే అది మొగ్గ తొలుచు పురుగు. ఒక్క పురుగే గుత్తిలోని నాలుగైదు మొగ్గలను గూడులా అల్లి తినేస్తుంది. అలా అల్లుకున్న గుత్తులను తుంచి సబ్బునీళ్లలో వేయండి, రాలినవి ఏరేయండి. మొగ్గ తొడుగుతున్నప్పుడు 1500 పి.పి.ఎం. (డబ్బా మీద రాసి ఉండే మందు బలం) వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున, కాస్త సబ్బునీళ్లు కలిపి, సాయంత్రం పూట పిచికారీ చేయండి. 10 రోజులకు మరోసారి. ఇంటి పొదకు ఇంతకుమించి అక్కర్లేదు.

మీ షాపతను ఇచ్చిన మూడింటిలో ఒకటి బూజు తెగులు మందు. మీ మొక్కకు ఆ తెగులే లేదు. ఇంకోటి పెరుగుదల హార్మోను. మూడోదాని డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంది, అంటే అత్యంత విషపూరితమైన మందు. ఆ పూలు ఎక్కడికి పోతాయో ఒక్కసారి ఆలోచించండి. ఆడపిల్లల జడలోకి, దేవుడి పటం మీదకి, నిద్రపోయే తలగడ పక్కకి. పత్తి చేనుకు అమ్మే మందును పెరటి మల్లెకు అంటగట్టినవాడిని మళ్లీ సలహా అడగకండి. ఇప్పటికే కొట్టారు కాబట్టి ఇంకో పక్షం రోజులు ఆ పూలు కోయకండి.

నవంబరు రెండో వారం నుంచి పొదకు నీళ్లు ఆపండి. చివరి వారంలో నేలకు 45–50 సెం.మీ. ఎత్తున అన్ని కొమ్మలూ కత్తిరించండి. ఎండు కొమ్మలు, లోపలికి పెరిగినవి మొదలంటా తీసేయండి. చెట్టు చుట్టూ తవ్వి 10 కిలోల చివికిన పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్లు పెట్టండి. వేసవికి మొగ్గ మీదుంటుంది. వానాకాలంలో ఒక కొమ్మను ఎండ పడే వైపు వంచి, కణుపు దగ్గర చిన్న గాటు పెట్టి మట్టి కప్పితే వేళ్లు పోసుకుంటుంది. వేళ్లు పోసుకున్న ఆ కొమ్మ ఎండలో స్థిరపడ్డాక పాత పొద ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం.

ఇక కొత్త మొక్కలు. నైట్ క్వీన్ మన మొక్క కాదు, వెస్టిండీస్ నుంచి వచ్చింది. రాత్రి దాని ఘాటు కిటికీ పక్కనుంటే కొందరికి తలనొప్పి తెస్తుంది, కాయలు విషం. పిల్లలున్న ఇంట్లో వద్దు. దాని బదులు మనోరంజితం పెట్టండి. కొద్దిపాటి నీడ ఉన్నా బతుకుతుంది, కాబట్టి ఆ డాబా గోడ వైపుకు అదే సరి. పూవు ఆకుపచ్చగా ఉండి ఆకుల్లో కలిసిపోతుంది. పసుపు తిరిగాక పండిన పండ్ల వాసన వస్తుంది, అప్పుడుగానీ ఎక్కడ పూసిందో తెలియదు.

పారిజాతం తప్పకుండా పెట్టండి. మొండి మొక్క. తెల్లారేసరికి నేల మీద పరిచినట్టు రాలుతుంది కాబట్టి కాలువ పక్కన కాకుండా శుభ్రమైన చోట నాటండి. పూత అయిపోయాక జనవరిలో కొమ్మలు కోస్తే చేతికందే ఎత్తులో ఉంటుంది. స్నానాల నీళ్లు పారే చోట వట్టివేరు వరసగా గుచ్చండి, తడి దానికి సమస్య కాదు. పొగడ నాకు ప్రాణం, పూలు ఎండిపోయినా వాసన పోదు. కానీ అది మహావృక్షం అవుతుంది, 3 సెంట్లలో వద్దు. వీధిలో చోటుంటే అక్కడ నాటండి.

సంపెంగ వాసనకు పాములు రావు, అమ్మగారికి చెప్పండి. చెట్టు కింద కట్టెలు, చెత్త పోగేస్తే ఎలుకలు చేరతాయి, వాటి కోసం పాము వస్తుంది. సంపెంగకు అసలు భయం మీ నల్లరేగడే, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కొనేముందు 2 అడుగుల గొయ్యి తవ్వి సాయంత్రం నిండా నీళ్లు పోయండి. పొద్దున్నకి ఇంకిపోతే అంటు మొక్క తెచ్చుకోండి, రెండు మూడేళ్లకు పూస్తుంది. గింజ మొక్కయితే ఏడెనిమిదేళ్లు ఆగాలి. నీళ్లు అలాగే నిలిచి ఉంటే సంపెంగ ఆలోచన మానుకుని, ఆ గోతిలో ఇసుక, పశువుల ఎరువు కలిపి, మట్టి కట్ట ఎత్తుగా పోసి పారిజాతం నాటండి.